పరుపుల తాత చెప్పిన విరుగుడు

మంగళవారం ఉదయం నేను క్లాసులో ఉండగా సైదమ్మక్క ఫోన్ చేసింది. పొదిలిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను నేను. పాఠం మధ్యలో ఫోన్ ఎత్తను. ఆ రోజు వరసగా మూడుసార్లు మోగేసరికి వరండాలోకి వచ్చి ఎత్తాను.

"నాన్న పోయాడమ్మాయ్," అంది. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "ఒంగోలు ఆసుపత్రి నుంచి బయల్దేరాం. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్తారంట. నీకు ముందే చెబుదామని చేశా."

సరే అక్కా అన్నాను. మళ్లీ క్లాసులోకి వెళ్లి బోర్డు మీద సగం వేసిన బొమ్మ పూర్తి చేశాను. బాణం గుర్తులు పెట్టాను. పేర్లు రాశాను. పిల్లలు రాసుకునేదాకా ఆగాను. అప్పుడు బయల్దేరాను. ఆ బొమ్మ ఎందుకు పూర్తి చేశానో నాకిప్పటికీ తెలియదు.

సైదమ్మక్క నాన్న నాకు చుట్టం కాదు. మా ఇంటికి రెండిళ్ల అవతల రేకుల షెడ్డులో పరుపులు కుట్టేవాడు. వీధి మొత్తానికి ఆయన పరుపుల తాత. దూదేకుల వాళ్లు. వాళ్ల నాన్న కాలంలో విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవారట. ఈయన చేతికి వచ్చేసరికి విల్లు పోయి కరెంటు మిషను వచ్చింది. ఎవరైనా పాత పరుపు తెస్తే కుట్లు విప్పి, గడ్డలు కట్టిన దూదిని ఎండలో ఆరబోసి, మిషనులో వేసి పోగుపోగునా విడదీసేవాడు. అదే ఏకడం. ఏకిన దూది రాత్రి కురిసిన మంచులా షెడ్డులో ఒక మూల పేరుకునేది. దాన్ని కొత్త గుడ్డలో నింపి, దబ్బనంతో టాకాలు వేసి ఇచ్చేవాడు.

ముక్కుకి ఎప్పుడూ తువ్వాలు కట్టుకుని ఉండేవాడు. మాట్లాడాలంటే తువ్వాలు గడ్డం కిందికి లాగి, మాట్లాడి, మళ్లీ పైకి లాక్కునేవాడు. అందుకేనేమో ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

పరుపు తేగానే వెంటనే విప్పడం ఆయనకి అలవాటు లేదు. నేల మీద పరిచి, పక్కన గొంతుకూచుని, అరచేత్తో అంగుళం అంగుళం నొక్కి చూసేవాడు. "ఇద్దరు పడుకునేవాళ్లు. ఇటుపక్కాయన బరువు మనిషి. అటుపక్క ఈ మధ్య ఎవరూ పడుకోడంలేదు," అనేవాడు. తెచ్చినవాళ్లు తలొంచుకునేవారు. చిన్నప్పుడు నాకది గారడీలా ఉండేది. ఎట్టా తెలుస్తుంది తాతా అంటే, "దూదికి మొహాలు తెలియవమ్మా. బరువు తెలుస్తది. అది మాత్రం మర్చిపోదు," అన్నాడు.

విప్పిన పరుపుల్లో ఏవేవో దొరికేవి. తలపిన్నులు, గోళీలు, మడత పెట్టిన కాగితాలు. ఏదీ పారేసేవాడు కాదు. కాగితమైతే విప్పి చదివేవాడు కాదు. అన్నీ పొట్లం కట్టి పరుపుతో పాటు చేతిలో పెట్టేవాడు. ఒకసారి వెనక వీధి ఆవిడకి అలా ఒక పసిపిల్ల పట్టీ నుంచి ఊడిన వెండి మువ్వ ఇచ్చాడు. ఆ బిడ్డ బతకలేదని మా అందరికీ తెలుసు. ఆవిడ అక్కడే నేల మీద కూలబడిపోయింది. తాత మిషను ఆపేసి, కాస్త దూరంగా తనూ నేల మీద కూచున్నాడు. ఊరుకోమ్మా అనలేదు. ఆవిడ లేచేదాకా మిషను వేయలేదు.

ఇక ఆట సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నాకూ తాతకీ మధ్య ఏం జరిగిందో అర్థం కాదు.

ఆదివారం మధ్యాహ్నాలు మా మేడ మీద నలుగురం కూచుని ఒక కథల ఆట ఆడతాం. నేను, నాతో డిగ్రీ చదివిన ప్రవీణ్, మా కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే జానకి, ఆమె తమ్ముడు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక వీరుడు. అడవిలో ఏదో ఎదురైందని చెబితే, కత్తి తీస్తారో పారిపోతారో మాట్లాడి చూస్తారో వాళ్లిష్టం. ఏం చేస్తారో నోటితో చెప్పాలి. అది పారిందో లేదో డైస్ వేసి తేలుస్తారు. కథ చెప్పేది ఎక్కువగా నేనే.

ఈ ఆటలో భూతాలు లేకపోతే పని జరగదు. ప్రతి భూతానికీ ఒక కాగితం ఉంటుంది. ఎంత బలం, ఎంత వేగం, ఎన్ని దెబ్బలకి కూలుతుంది, ఎలా మీదికొస్తుంది అన్నీ అందులో రాయాలి. చివరి వరస విరుగుడు. దేనితో దాన్ని ఓడించొచ్చో అక్కడ ఉంటుంది. మేం వాడే భూతాలన్నీ ఇంగ్లిష్ పుస్తకాల్లోవి. మన ఇళ్లలో వస్తువులకి మాయ తగిలితే ఎలా ఉంటుందో రాసి, తెలుగులో ఒక చిన్న పుస్తకం వేద్దామని ప్రవీణ్ అన్నాడు. నా వంతుకి పది వస్తువులొచ్చాయి. తిరగలి, లాంతరు, చేద, గొడుగు, ఇలా తొమ్మిది తేలిగ్గానే రాసేశాను. పరుపు దగ్గర ఆగిపోయాను. "మనిషి మీద పడి ఊపిరాడకుండా చేసి చంపుతుంది" అని రాశాను. రాసింది నాకే నచ్చలేదు.

ఒక సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ షెడ్డు ముందు ఆగాను.

"తాతా, పరుపుకి మాయ తగిలితే ఏం చేస్తుంది?"

దబ్బనం ఆపి తువ్వాలు కిందికి లాగాడు. "ఎట్టాంటి మాయ?"

"ప్రాణం వచ్చిందనుకో. పగ పట్టిందనుకో."

"ఎవరి మీద?"

"దాని మీద పడుకున్నవాళ్ల మీద."

"వాళ్ల మీద దానికి పగెందుకుంటుంది?" అన్నాడు. ఆయన నవ్వలేదు. పిచ్చి ప్రశ్న అనుకోలేదు. తువ్వాలు పైకి లాక్కుని మళ్లీ కుట్టుకోసాగాడు.

మర్నాడు పొద్దున మా గేటు ముందు నిలబడి పిలిచాడు. "అమ్మాయ్, నీ పరుపు సంగతి ఆలోచించా. అది ఎవర్నీ చంపదు. లేవనీదు, అంతే."

అక్కడే నిలబడి మొత్తం చెప్పాడు. "మొదటి రోజు ఊరికే మెత్తగా ఉంటది. మనిషిని చూసుకుంటది, ఎక్కడ భుజం, ఎక్కడ నడుము అని. రెండో రోజుకి ఆ ఒంటికి తగ్గట్టు తనే గుంట పెట్టుకుంటది. మూడో రోజుకి ఆ మనిషికి ఇంకెక్కడా నిద్ర పట్టదు. నాలుగో రోజు లేవాలనిపించదు."

"మరి అది ఏం తిని బతుకుతుంది తాతా?"

"లేచి చేయాల్సిన పనులు తింటది," అన్నాడు.

నేను లోపలికి పరిగెత్తి అది కాగితం మీద రాసుకున్నాను. ఆ ఒక్క మాట నుంచి ఆట మొత్తం వచ్చింది. పరుపు భూతానికి చిక్కిన వీరుడు తన వంతు వచ్చినప్పుడల్లా తను ఎందుకు లేవాలో ఒక కారణం పైకి చెప్పాలి. ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పకూడదు, ఎందుకంటే దాన్ని పరుపు తినేసింది. చెప్పడానికి ఇంకేమీ మిగలనప్పుడు ఆ వీరుడి కథ అయిపోతుంది. ఎన్నో పుస్తకాలు చదివి కూడా నేను ఇంత మంచి భూతాన్ని ఎన్నడూ రాయలేకపోయాను. అందులో నాదేమీ లేదు, అంతా ఆయనదే.

విరుగుడు గురించి మాత్రం ఆయన్ని అడగలేదు. దూది కదా, నిప్పు అని రాసేశాను. దూది ఎలా కాలుతుందో మాత్రం అడిగాను, వర్ణించడానికి పనికొస్తుందని. "భగ్గున మండదమ్మా. పైన నల్లబడి ఆరిపోయినట్టే ఉంటది. లోపల రెండ్రోజులు కాలుతూనే ఉంటది," అన్నాడు. చెబుతూ నా వైపు చూడలేదు. నేనది గమనించాను. గమనించి కూడా నోట్సు రాసుకుంటూనే ఉన్నాను.

పుస్తకానికి ముందు ఒకసారి ఆడి చూద్దామనుకున్నాం. తాతా, నీ భూతం ఆడుతోంది, రావాలి అని పిలిచాను. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. ప్లాస్టిక్ కుర్చీలో, గోడకి ఆనకుండా, స్కూలు పిల్లవాడిలా నిటారుగా కూచున్నాడు.

కథలో ఒక పాత సత్రం. అందులో పరుపు. జానకి వీరురాలు దాని మీద పడుకుంది. నేను తాత మాటల్లోనే చెప్పాను. జానకి మొదట నవ్వుతూనే కారణాలు చెప్పింది. అమ్మ ఎదురుచూస్తుంటుంది. పొలంలో పత్తి తీయాలి. చెల్లెలికిచ్చిన మాట ఉంది. అయిదో వంతుకి నవ్వు ఆగింది. ఏడో వంతుకి, "ఇంకేమీ గుర్తు రావట్లేదు," అంది. ఆ మాట ఆటలోదో కాదో మాకెవరికీ తెలియలేదు. తాత కొంచెం ముందుకు వంగి ఆమెనే చూస్తున్నాడు.

అప్పుడు ప్రవీణ్, "లాంతరులో నూనె మొత్తం దాని మీద పోసి అంటిస్తా," అన్నాడు. డైస్ వేశాడు. పెద్ద అంకె పడింది. జానకి తమ్ముడు బల్ల చరిచాడు. ఇక నేను రెచ్చిపోయి వర్ణించాను. పొగ, గుడ్డ ముడుచుకుపోవడం, పైన ఆరిపోయినట్టు కనిపిస్తూ లోపల ఎర్రగా పాకుతున్న నిప్పు. నోట్సులో రాసుకున్న ప్రతి ముక్కా వాడాను. వాళ్లు చప్పట్లు కొట్టారు.

తాత కుర్చీలోంచి లేచాడు. "వస్తానమ్మా," అన్నాడు. గోడ పట్టుకుని మెట్లు దిగడం వినిపించింది. ఒక్కో మెట్టూ వినిపించింది. నేను లేవలేదు. వాళ్లు తర్వాతేం జరిగిందని అడుగుతున్నారు, నేను చెబుతూ ఉన్నాను. ఆ ఆట చివరిదాకా ఆడాం.

సోమవారం షెడ్డుకి వెళ్లాను. మిషను ఆగి ఉంది. ఆయన ఒక దిండు గలీబు చేతిలో పెట్టుకుని ఊరికే కూచున్నాడు. కోపం వచ్చిందా తాతా అంటే, కోపమెందుకు అన్నాడు. గలీబు మడిచి పక్కన పెట్టి తనే చెప్పాడు.

ఆయన భార్యని మేం అవ్వ అనేవాళ్లం. పక్షవాతం వచ్చి ఏడేళ్లు మంచంలో ఉంది. అందులో ఎక్కువ కాలం నేను గుంటూరులో డిగ్రీ, ఎమ్మెస్సీ చదువుతున్నాను, నాకు వివరంగా తెలియదు. కదల్లేని మనిషికి పరుపు గట్టిపడితే వీపు పుండ్లు పడుతుంది. అందుకని ప్రతి రెండు నెలలకీ ఆవిణ్ని చాప మీదికి మార్చి, ఆ పరుపు విప్పి, దూది ఎండబెట్టి, ఏకి, సాయంత్రానికల్లా మళ్లీ కుట్టి వేసేవాడట. ఏడేళ్లలో ఆవిడ ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఇదేమీ గొప్పగా చెప్పలేదు. ఊళ్లో వాన పడిందని చెప్పినట్టు చెప్పాడు.

"ఆమెకి మట్టి ఇచ్చి ఇంటికొచ్చేసరికి వెనక చిల్లచెట్ల తుప్పల్లో పొగ లేస్తోంది. రోగిష్టి పరుపు ఇంట్లో ఉండకూడదని చుట్టాలు తగలబెట్టారు. నాతో ఒక మాట అనలేదు. ఆమె బరువు నా దగ్గర ఇంకెక్కడుంది? అందులోనేగా ఉంది. రెండ్రోజులు కాలింది. రెండ్రోజులూ నేను అక్కడే కూచున్నా."

పుస్తకంలో నిప్పు తీసేస్తాను తాతా అన్నాను.

"తీసేస్తే మరి దాని బారిన పడ్డోళ్ల గతేంది?" అన్నాడు. ఆ స్థితిలో కూడా ఆయన ఆట గురించే ఆలోచించాడు. "విరుగుడు ఉండాలిగా. ఉంది. కుట్లు విప్పాలి. దూది బయటికి తీసి ఏకాలి. కాల్చిన దూది అట్టాగే గుర్తు పెట్టుకుని పోతది. ఏకితే మర్చిపోతది. మర్చిపోతే మామూలు దూదే. దానికి శాంతి, వాళ్లకీ శాంతి."

"కుట్లు విప్పుతుంటే ఊరుకుంటుందా?"

"ఊరుకోదు. అందుకని ఒకరు దాని మీద పడుకునే ఉండాలి. బరువు ఉన్నంతసేపు అది కదలదు. మిగతావాళ్లు చుట్టూ కూచుని ఒక్కో టాకా విప్పాలి. పడుకున్నోళ్లకి ధైర్యం చెబుతుండాలి."

ఆ రోజు ఇంటికొచ్చి కాగితం మొత్తం తిరగరాశాను. నిప్పు కొట్టేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి ప్రవీణ్‌కి పంపాను. చివరి వాక్యం "విప్పి ఏకాలి. ఏకితే మరిచిపోతుంది." ఇంత సంతృప్తిగా నేను ఏ పనీ చేయలేదు.

రెండు రోజుల తర్వాత ప్రవీణ్ ఫోన్ చేశాడు. "చదవడానికి బాగుంది. ఆడడానికి కుదరదు. యుద్ధం మధ్యలో కూచుని దూది ఎవరు ఏకుతారు చెప్పు? ఆట చల్లబడిపోతుంది. నిప్పు ఉంచేద్దాం, ఆదివారం ఎంత బాగా పండిందో చూశావుగా."

"అది తాత చెప్పింది ప్రవీణ్."

"తాత పేరు చివర్లో ధన్యవాదాల్లో వేద్దాం."

ఇంకో మాట అన్నానేమో, గుర్తు లేదు. సరే అన్నాను. నేను తప్పించుకోవడానికి ఏ సాకూ లేదు. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. పరీక్షల పేపర్లు దిద్దాల్సినవి ముందు పడి ఉన్నాయి, పుస్తకం త్వరగా చేతికి రావాలని నాకూ ఉంది. అంతే. పోట్లాడితే ప్రవీణ్ ఒప్పుకునేవాడు. మొండివాడు కాదు వాడు.

పత్తి తీతలు మొదలయ్యే రోజుల్లో పుస్తకం వచ్చింది. ఒక కాపీ తీసుకుని తాత దగ్గరికి వెళ్లాను. అప్పటికే ఆయనకి ఒక కంటిలో శుక్లం ముదిరింది, రెండో కంటికి ఆపరేషన్ చేసినా అక్షరాలు చదివేంత చూపు రాలేదు. పుస్తకం వాసన చూశాడు. పరుపు భూతం బొమ్మ మీద వేలు పెట్టి చుట్టూ గీత వెంట నడిపాడు. "టాకాలు సరిగ్గానే వేశాడే," అన్నాడు. తర్వాత పుస్తకం నా చేతికిచ్చి, "చదువమ్మా," అన్నాడు.

చదివాను. బలం, వేగం, మొదటి రోజు, రెండో రోజు. ప్రతి వాక్యానికీ తల ఊపుతున్నాడు. చివరి వరసకొచ్చాను. విరుగుడు, నిప్పు. పేజీలో ఆ రెండు మాటలే ఉన్నాయి. తల ఎత్తితే ఆయన చెవి నా వైపు తిప్పి కూచుని ఉన్నాడు.

"విరుగుడు. విప్పి ఏకాలి. ఏకితే మరిచిపోతుంది," అని చదివాను.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను, అవే మాటలు. ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "అదీ," అన్నాడు.

ఆ చలికాలమంతా ఆ పుస్తకం ఆయన దిండు కిందే ఉంది. షెడ్డుకి పని రావడం దాదాపు ఆగిపోయింది. అందరూ ఫోన్లో చూసుకుని, చుట్ట చుట్టి అట్టపెట్టెలో వచ్చే ఫోమ్ పరుపులు తెప్పించుకుంటున్నారు. ఆయనకి దగ్గు ఎక్కువైంది. యాభై ఏళ్ల దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉందన్నారు డాక్టర్లు. ఆయనైతే చాప మీదే పడుకునేవాడు. జీవితంలో ఎన్నడూ తన కోసం పరుపు కుట్టుకోలేదు. ఎవరైనా చూడ్డానికొస్తే నాకు కబురు పెట్టేవాడు. నేను వెళ్లి చదివేదాన్ని. ప్రతిసారీ ఆ రెండు వాక్యాలు ఒక్క అక్షరం తేడా రాకుండా చెప్పడానికి జాగ్రత్త పడేదాన్ని. అబద్ధం అలవాటైపోయింది. ఒక దశలో అది పుస్తకంలో నిజంగానే ఉందన్నంత ధైర్యంగా చదివాను.

ఎండలు ముదిరాక ఒంగోలు ఆసుపత్రిలో చేర్చారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. వెళ్లేసరికి మంచం మీది రెక్సిన్ పరుపుని అరచేత్తో నొక్కి చూస్తున్నాడు. "దీనికేమీ గుర్తుండదమ్మాయ్. ఎంతమంది పోయుంటారో దీని మీద. ఒక్కరూ గుర్తు లేరు," అన్నాడు. గొట్టం వల్ల మాట సరిగా రావడం లేదు. ఊపిరి తీసుకుని, "చదువు," అన్నాడు. పుస్తకం నేను తేలేదు. అవసరం కూడా లేదు. నోటికి చెప్పాను. చివరి రెండు వాక్యాలు చెబుతున్నప్పుడు నా చేయి పట్టుకున్నాడు. గట్టిగా కాదు. ఆ తర్వాత ఆయన్ని నేను చూడలేదు, మంగళవారం దాకా.

ఆ రోజు మగవాళ్లు తీసుకెళ్లారు. నేను ఆడవాళ్లతో ఇంట్లోనే ఉండిపోయాను. ఏడవడం నాకు చేత కాలేదు. మూడో రోజు ఫాతెహా భోజనాలయ్యాక వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. నేనూ సైదమ్మక్కా షెడ్డులో కూచున్నాం. ఆమె ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

ఎవరో ఒకరికి చెప్పకపోతే ఉండలేననిపించింది. "అక్కా, నేనొక తప్పు చేశా. పుస్తకంలో విరుగుడు తాత చెప్పింది కాదు," అన్నాను.

"తెలుసు," అంది.

సైదమ్మక్క ఏడో తరగతి దాకా చదివింది. ఆ సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

"నువ్వు పేపర్లు దిద్దడానికి ఒంగోలు పోయావు చూడు, అప్పుడు మా గుంటూరు పిన్ని వచ్చింది. నువ్వు లేవని నాన్న నన్ను చదవమన్నాడు. నాకేం తెలుసు, ఉన్నది ఉన్నట్టు చదివేశా. నిప్పు అని."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పుస్తకం తీసుకుని దిండు కింద పెట్టుకున్నాడు. నువ్వు వచ్చాక మళ్లీ నిన్నే పిలిపించాడు."

పేపర్లు దిద్ది వచ్చాక నేను మూడుసార్లు చదివాను. రెండుసార్లు ఇంట్లో, ఒకసారి ఆసుపత్రిలో. మూడుసార్లూ ఆయన నా వైపు చెవి తిప్పి, తల ఊపుతూ విన్నాడు. నేను నిజం చెబుతానేమోనని ఎదురుచూశాడా? లేక పుస్తకంలో లేకపోయినా కనీసం ఒక మనిషి నోట్లో అయినా ఆ మాట ఉండాలనుకున్నాడా? నన్ను క్షమించాడా, పరీక్షించాడా? ఆయన చేయి పట్టుకున్నది ఎందుకు? రాత కోతలు నేర్చినదాన్ని, రోజూ వందమందికి పాఠం చెప్పేదాన్ని, ఈ ఒక్క సంగతి తేల్చుకోలేకపోతున్నాను. అడగడానికి ఆయన లేడు. నా కాపీలో నిప్పు అన్న మాట పెన్నుతో కొట్టేసి ఆయన మాట రాశాను. అలా దిద్దినందువల్ల ఆయన విన్నది మారదు. మళ్లీ అచ్చు వేస్తే మారుద్దామని ప్రవీణ్ అన్నాడు. మళ్లీ అచ్చు వేయరని ఇద్దరికీ తెలుసు. ఎక్కడో ఎవరో ఆ పుస్తకం తెరిచి, మా అవ్వ పరుపుని మళ్లీ మళ్లీ కాలుస్తూనే ఉంటారు. చప్పట్లు కొడుతూనే ఉంటారు.

సైదమ్మక్క నా ఒళ్లోని పుస్తకాన్ని కొంగుతో తుడిచింది. నన్ను తిట్టినా బాగుండేది.

అంతలో షెడ్డు ముందు మోపెడ్ ఒకటి ఆగింది. నలభై ఏళ్లాయన. మర్రిపూడి అవతల ఏదో పల్లె నుంచి వచ్చానన్నాడు. వెనక సీటు మీద చారల పరుపొకటి మడిచి, కొబ్బరి తాడుతో కట్టి ఉంది.

"తాత లేడా అండీ? మా అమ్మది. రాయిలా గట్టిపడింది. మంచంలోనే ఉంటది, వీపు ఒరుసుకుపోతాందని ఏడుస్తాంది."

"నాన్న మొన్న పోయాడన్నా," అంది సైదమ్మక్క.

ఆయన బండి దిగలేదు. ఆగి ఉన్న మిషను వైపు చూశాడు. "ఈ చుట్టుపక్కల ఇంకెవరన్నా ఏకేవాళ్లున్నారా?"

"లేరన్నా."

తల ఊపాడు. బండి తిప్పుకున్నాడు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద ఎవరూ లేరు. అటూ ఇటూ దున్ని వదిలేసిన నల్ల చేలు వానకోసం నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. తాడు వదులైందేమో, కొంత దూరం పోయాక ఒక చేత్తోనే బండి నడుపుతూ, రెండో చెయ్యి వెనక్కి పెట్టి పరుపుని పట్టుకున్నాడు. కనుచూపు మేర దాటేదాకా ఆ చెయ్యి తీయలేదు.